అడ్డుపడ్డ వదిన

ఇంటి నుంచి,
వీధి అరుగు మీద కూర్చుని

గడుగ్గాయీ,

క్షేమంగా చేరావా? బస్సులో వాంతి చేసుకున్నావా లేదా, అది ముందు రాయి. మీ అన్నయ్య "అదేమన్నా చిన్నపిల్లా" అంటూనే పొద్దుటి నుంచి గుమ్మం దాకా వెళ్ళి వస్తున్నాడు. ఏంటంటే గాలి కోసం అంటాడు. గుమ్మం దగ్గర గాలి ఎప్పుడొచ్చింది మన ఇంట్లో?

మీ హాస్టల్లో ఫోన్లు తీసేసుకుంటారన్నావుగా, ఒకందుకు మంచిదే. ఫోన్లో అయితే ఆయన పక్కనే కూచుని మధ్యలో దూరతాడు, మన మాట సాగదు. కాగితం మీదైతే నా ఇష్టం, నిన్ను ఎంతసేపైనా తిట్టుకోవచ్చు.

కుట్టు మెషిన్ వెళ్ళిపోయాక ముందు గది బోసిపోయింది. అది ఉన్న చోట నేల మీద నాలుగు గుండ్రటి మచ్చలు మిగిలాయి, ఎంత తుడిచినా పోవడం లేదు. మా నాన్న బస్సు సీట్లకి రెక్సిన్ కుట్టిన మెషిన్. దాన్ని మీ అన్నయ్య ఒక్కడే భుజాన వేసుకుని బస్సు మీదకెక్కిస్తుంటే నా ప్రాణం పైనే ఉంది. ఇప్పుడు ఊరికే కూర్చున్నా నా కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి, కింద ఏమీ లేకపోయినా. వీధిలో వాళ్ళు జిప్పు పోయిన బ్యాగులు పట్టుకొస్తే "మెషిన్ ఊరెళ్ళింది" అని పంపించేస్తున్నా.

కొట్టు పెట్టుకోవడానికి ముప్పై ఏళ్ళ లోపు ఆడపిల్లలకే సాయం చేస్తారట మీ సంస్థ వాళ్ళు. ముప్పై దాటినామె కొట్టు పెడితే కొంపలేం మునుగుతాయో నాకైతే అర్థం కాలేదు. సరే, పోనీ. కాగితాల మీద నీ పేరుంటే ఏం, బ్యాగులు కుట్టేది ఇద్దరమేగా. నువ్వు కత్తిరిస్తే నేను కుట్టాలి, నువ్వు మాట్లాడితే నేను నోరు మూసుకోవాలి, అలా అయితేనే మన కొట్టు నడుస్తుంది. గది దొరకగానే కబురు పెట్టు. ఆ ఊరి బస్సు డిపోకి బదిలీ అడుగుతానని మీ అన్నయ్య అన్నాడు. ఆయన అంతట ఆయన ఒక మాట అనడం నా కాపురంలో ఇదే మొదలు.

భోజనం మానకు. ఎవరితోనూ పోట్లాడకు. పోట్లాడితే గెలిచి రా.

వదిన

—

హాస్టల్ నుంచి,
మూడో అంతస్తు, కిటికీ లేని గది

వదినా,

వాంతి చేసుకోలేదు. పక్కనావిడ చేసుకుంది, నా మీద. ఇక ఆ సంగతి అడగకు.

ఇక్కడ పాతికమంది దాకా ఉన్నాం. ఫోన్లు బాగుచేసే అమ్మాయి ఉంది, కొవ్వొత్తులు పోసే అమ్మాయి ఉంది, కుక్కలకి స్నానం చేయించే అమ్మాయి ఉంది. ఆమెని చూసి నేను నవ్వాను గానీ ఆమెకే అందరికంటే ఎక్కువ గిరాకీ అట. పొద్దున ఒక సారు వచ్చి ధర ఎలా కట్టాలో చెప్తాడు. మధ్యాహ్నం ట్రైనింగ్ మేడమ్ వస్తుంది. అక్కడే నా తల ప్రాణం తోకకొస్తోంది.

మేడమ్ మంచిదే. చాలా చురుకు. కానీ ఆమెకి బ్యాగులక్కర్లేదు, కొవ్వొత్తులక్కర్లేదు. ఆమెకి మన కథ కావాలి. ఒక్కొక్కళ్ళూ లేచి "నా కథ" అని చెప్పాలి. చివర్లో సంస్థ పెద్దవాళ్ళొచ్చి వింటారట, ఎవరి కథ మనసుకి హత్తుకుంటే వాళ్ళకి కొట్టు గది ఇస్తారట. అందరూ చెప్తున్నారు, ఏడుస్తున్నారు. కొవ్వొత్తుల అమ్మాయిని వాళ్ళ నాన్న గదిలో పెట్టి గొళ్ళెం వేశాడట. విని నాక్కూడా కళ్ళు తడిశాయి.

నా వంతొచ్చింది. "మా వదినా నేనూ బ్యాగులు కుడతాం. ఇంట్లో అందరూ సరేనన్నారు" అన్నా.

మేడమ్ "ఊఁ, తర్వాత?" అంది.

"తర్వాతేం లేదు మేడమ్, వచ్చేశా" అన్నా.

హాలంతా ఒకటే నవ్వు. ఆమె మాత్రం నవ్వలేదు. "ఇందులో గోడ ఏది? ప్రతి కథలో ఒక గోడ ఉండాలి, నువ్వు దాన్ని దూకాలి. నీ కథలో నువ్వు చదునుగా నడిచొచ్చేశావ్" అంది. ఇంకో మాట కూడా. నేను "మేము మేము" అంటున్నానట. మేము అంటే వినేవాళ్ళకి మొహం కనపడదట, నేను అనాలట. రాత్రి మంచం మీద పడుకుని నేను నేను అని చెప్పుకుంటుంటే పక్క మంచం అమ్మాయి నీళ్ళు తెచ్చిచ్చింది, జ్వరమొచ్చిందనుకుని.

ఇప్పుడు గోడ ఎక్కణ్ణించి తేను వదినా? నువ్వే ఏదో ఒకటి చెప్పు. మన కొట్టు అంతా దాని మీదే ఆగి ఉంది.

నీ గడుగ్గాయి

—

ఇంటి నుంచి,
అదే అరుగు

గడుగ్గాయీ,

నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వా. మీ అన్నయ్య లోపల్నుంచి వచ్చి ఏంటని అడిగాడు. నీ చెల్లెలికి కష్టం లేదట, ఆ కష్టం వచ్చిపడింది అన్నా. ఆయనకి అర్థం కాలేదు, వెళ్ళిపోయాడు.

గోడ కావాలా? మీ అన్నయ్యని పెడదామంటే ఆయన గోడ కాదు కదా తలుపు రెక్క కూడా కాడు, తోస్తే తెరుచుకుంటాడు. మీ అమ్మా నాన్నా పోయి ఎన్నేళ్ళో అయింది, వాళ్ళ మీద చెప్తే కళ్ళు పోతాయి. ఇక మిగిలింది ఎవరు? నేనేగా! పెట్టుకో. మా వదిన రాక్షసి అని చెప్పు. ఆడపడుచుని చూస్తే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటుందని చెప్పు. మెషిన్ దాచేసి మీద ట్రంకు పెట్టెలు పెట్టిందని చెప్పు. ఆడపిల్లకి కొట్టేంటి, ఎవడు చేసుకుంటాడు అందని చెప్పు. వదిన అన్న మాట వింటే చాలు, ఎవరూ సాక్ష్యం అడగరు. ఏ ఊళ్ళో అయినా చెల్లే సరుకు అది.

చదువుకుని నవ్వుకున్నావుగా, ఇక పనికొచ్చే మాట. ఉన్నదున్నట్టు చెప్పు. ఏడాది తిరక్కుండా పట్టీ ఊడిపోయే బడి బ్యాగులు మొయ్యలేక పిల్లల భుజాలు పడిపోతున్నాయి, మేం ఊడని పట్టీ కుడతాం, అంతే. పట్టీ చివర చదరం కుట్టి అందులో మూల నుంచి మూలకి రెండు గీతలు కుట్టి చూపించు. వాళ్ళని పట్టుకుని లాగమను. అందరూ కలిసి లాగినా రాదు.

పైపుల మేస్త్రి కూతురు రోజూ వస్తోంది. మెషిన్ లేదే అంటే చేత్తోనే నేర్పమంటుంది. దాని దృష్టి కుట్టు మీద లేదు, వాళ్ళ నాన్న పని మీద ఉంది. ఊరికే నాతో కబుర్లకి వస్తుంది. ఇంకో ఇద్దరు పిల్లలు కూడా వస్తున్నారు. అరుగు ఖాళీగా లేదులే, దిగులు పడకు.

వదిన

—

హాస్టల్ నుంచి

వదినా, సెలెక్ట్!

పదిమంది మిగిలి, తర్వాత ఐదుగురు మిగిలి, చివరికి నేనూ కొవ్వొత్తుల అమ్మాయీ మిగిలాం. అందులో నన్ను తీసుకున్నారు. అక్షరాలు ఎలా పరిగెడుతున్నాయో చూస్తున్నావుగా. మేడమ్ నన్ను వాటేసుకుంది. ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

గది కూడా చూపించారు. పెద్ద బజారు వెనక వీధి, మెట్ల కింద. పొడుగ్గా ఉంటుంది, వెడల్పు తక్కువ. షట్టరు ఎత్తితే కీచుమంటుంది. ముందు కటకటాల కిటికీ ఉంది, దానికి బ్యాగులు వేలాడదీయొచ్చు. లోపల సున్నం కొట్టి ఒక గోడకి సంస్థ బొమ్మ వేశారు. నా కొట్టుకి పైన బోర్డు కూడా వాళ్ళే పెడతారట. మెషిన్ మధ్యలో పెట్టించా.

పెద్దవాళ్ళు ఏమడిగారు, నేనేం చెప్పాను అని అడుగుతావు. అదంతా పెద్ద సంగతి, కలిసినప్పుడు చెప్తాలే. పట్టీ లాగి చూడమన్నా, చూశారు. బాగుందన్నారు.

అన్నయ్యకి చెప్పు. నువ్వు ఏడవకు.

గడుగ్గాయి

—

ఇంటి నుంచి,
లోపలి గది, సామాన్ల మధ్య

గడుగ్గాయీ,

ఏడవకు అన్నావు, ఏడ్చా. మీ అన్నయ్య నా చేతిలోంచి ఉత్తరం లాక్కుని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని డిపోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం అడిగితే ఇంకా జేబులోనే ఉంది, టైర్ల మసి మరకలతో సహా. డిపోలో అందరికీ చదివి వినిపించాడట. నాతో ఒక్క మాటన్నాడా, లేదు.

వీధంతా చెప్పా. ఇస్త్రీ చేసే ఆవిడ అయితే "నీ చేతుల్లో పెరిగిన పిల్ల" అంది. అంతలా ఎందుకు, చేతుల్లో పెరగలేదు, నా నోట్లో పడి పెరిగావు.

ఒక్క మాట. మొదట్లో మన కొట్టు అని రాశావు. ఈసారి నా కొట్టు అని రాశావు. తప్పు పట్టడం లేదు, ఆ మేడమ్ నేర్పించిన మాట నాలుక మీద కూర్చుండిపోయి ఉంటుంది. ఊరికే చెప్తున్నా. కంట్లో నలుసులా అనిపించింది, చెప్పేస్తే పోతుందని.

నా కుర్చీ ఎటు వైపు వేస్తున్నావ్? వెలుగు నాకు ఎడమ పక్క నుంచి రావాలి, లేకపోతే సూది నీడ కుట్టు మీద పడుతుంది. బడులు తెరిచే లోపు వచ్చేయాలి నేను, అప్పుడే కదా గిరాకీ. గుడ్డ మీద పెట్టి గీసుకునే అట్ట కత్తిరింపులన్నీ ఈ ఉత్తరంతో పాటు మూట కట్టి పంపుతున్నా. చిన్న బ్యాగువి, పెద్ద బ్యాగువి, ముందు జేబువి. ముందు జేబు అట్ట మీద చీమ బొమ్మ గీశాను, అది పైకి రావాలి. తిరగేసి పెట్టకు.

ఇంట్లో సగం సామాను సర్దేశా. మీ అన్నయ్య బదిలీ అడిగాడు. వెంటనే రాయి, ఎప్పుడు రమ్మంటావో.

వదిన

—

కొట్టు నుంచి

వదినా,

అట్టలు అందాయి. థాంక్స్.

ఇప్పుడే వద్దు వదినా. ఫోన్ తిరిగిచ్చారు గానీ, నీ గొంతు వింటూ ఈ మాట చెప్పలేక రాస్తున్నా. గది ఇరుకు అని రాశాగా. సంస్థ వాళ్ళు మాటిమాటికీ ఎవరో ఒకళ్ళని తీసుకొస్తున్నారు చూపించడానికి. వచ్చిన వాళ్ళంతా అదీ ఇదీ అడుగుతారు. అలాంటప్పుడు ఇంట్లో వాళ్ళుంటే బాగుండదు అని మేడమ్ అంది. ఎందుకు బాగుండదో ఉత్తరంలో రాయలేను. రెండో కుర్చీలో సంస్థ వాళ్ళే ఒకమ్మాయిని కూర్చోబెట్టారు. కుడుతుంది, పరవాలేదు. నీలా కాదు.

అన్నయ్యని బదిలీ కొన్నాళ్ళు ఆపమను. కోపం తెచ్చుకోకు. బడుల గిరాకీ అయిపోనీ, అన్నీ కుదుటపడతాయి. పనిలో తల ఎత్తడానికి లేదు, పొద్దున వచ్చినదాన్ని షట్టరు దించే దాకా మంచినీళ్ళు కూడా గుర్తుండవు.

సర్దిన సామాను విప్పుకోమని చెప్పడానికి నోరు రావడం లేదు. అయినా విప్పుకో వదినా.

గడుగ్గాయి

—

ఇంటి నుంచి

ఆడపడుచు గారికి,

మీ సంస్థ వాళ్ళు మన వీధికొచ్చారు.

వీధి చివర హాల్లో మీటింగ్ పెట్టారు. ఇక్కడి ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటారట, ముందు కొట్టు పెట్టిన అమ్మాయి సినిమా చూపిస్తారట. ఆ అమ్మాయివి నువ్వేనని తెలిసిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవలేదు. ఇస్త్రీ ఆవిడని, పైపుల మేస్త్రి పెళ్ళాన్ని, వాళ్ళమ్మాయిని, పాలావిడని, అరుగు మీదకొచ్చే పిల్లల్ని, వాళ్ళ అమ్మల్ని, అందర్నీ నేనే వెంటబెట్టుకెళ్ళా. ముందు వరసలన్నీ మనవే. మీ అన్నయ్యకి తెల్ల చొక్కా తొడిగించి తీసుకెళ్ళా.

గుడ్డ తెర మీద నువ్వు కనపడ్డావు. చిక్కిపోయావు. జుట్టు వేరేగా దువ్వుకున్నావు. వెనకాల మెషిన్, దాని పక్కన నా అట్టలు మేకుకి వేలాడుతున్నాయి. చీమ బొమ్మ అంత దూరం నుంచి కూడా కనపడింది. "మన పిల్ల" అన్నా, గట్టిగానే. మేస్త్రి పెళ్ళాం నా చెయ్యి నొక్కింది.

అప్పుడు నువ్వు నోరు విప్పావు.

ఇంట్లో ఎవరూ నిన్ను నమ్మలేదన్నావు. మీ వదిన మెషిన్ దాచేసిందన్నావు. మీద ట్రంకు పెట్టెలు పెట్టిందన్నావు. ఆడపిల్లకి కొట్టేంటి, ఎవడు చేసుకుంటాడు అని వీధిలో పరువు తీసిందన్నావు. నువ్వు తెల్లవారుజామున ఆ పెట్టెలు ఒక్కదానివే దించుకుని మెషిన్ మోసుకుని బస్సెక్కావన్నావు. తర్వాత ఏడ్చావు. ఎంత బాగా ఏడ్చావంటే నాకూ ఏడుపొచ్చింది. ఎవరమ్మా ఆ మహాతల్లి, ఇంత చిన్నపిల్లని అలా ఏడిపించింది అనుకున్నా. ఒక్క క్షణం నిజంగా అనుకున్నా. ఆ తర్వాత బుర్రకెక్కింది.

నేను తల తిప్పలేదు. తిప్పక్కర్లేకుండానే తెలిసింది, వరసంతా నన్నే చూస్తోందని. మేస్త్రి పెళ్ళాం చెయ్యి తీసేసింది. ఒక్కసారిగా కాదు, మెల్లిగా, నాకు తెలియకుండా తీస్తున్నట్టు. సినిమా అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఇంకేం చెయ్యాలో తోచక.

ఇంటికొచ్చాక మీ అన్నయ్య చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు. "నాకు తెలియకుండా దాన్నేమన్నా అన్నావా?"

ఆయన అడిగాడే! ఆ మెషిన్ని తన భుజం మీద మోసి బస్సు మీదకెక్కించిన మనిషి. అరికాలి మంట నెత్తికెక్కింది. మీ వాళ్ళ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు నేను. వీధిలో వాళ్ళు విన్నారు. వినే ఉంటారు. గయ్యాళి అనుకోవడానికి ఆ కాస్తా తక్కువైంది, అదీ నేనే తీర్చేశా.

అరుగు మీదకి పిల్లలు రావడం లేదు. నీళ్ళ కొళాయి దగ్గరికి నేను వెళ్తే మాట ఆగిపోతోంది. ఒకావిడైతే మొహం మీదే అంది, "పైకి ఎంత ప్రేమగా ఉంటావో!" అని.

నవ్వులాటకి రాసిన మాటలు అవి. అన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పావు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం ఒక్కటి వదిలేశావు, నమ్మరని కాబోలు.

సిగ్గు లేదూ నీకు? నాకేం రాయకు. కాదు, రాయి. ఎందుకు చేశావో రాయి, నేను చదవాలి.

మీ అన్నయ్య భార్య

—

కొట్టు నుంచి,
షట్టరు సగం దించి

వదినా,

ఎన్ని కాగితాలు చింపానో. తిట్టు, కొట్టు, పడతాను. ముందు ఇది చదువు.

ఆ రోజు నేనూ కొవ్వొత్తుల అమ్మాయీ మిగిలాం. ఆమె ముందు చెప్పింది. ఆమె చెప్తుంటే ఒక్కళ్ళూ గడియారం చూసుకోలేదు. తర్వాత నన్ను పిలిచారు. పట్టీ లాగమన్నాను, లాగారు, బాగుంది అన్నారు, గడియారం చూసుకున్నారు. మన కొట్టు అక్కడే పోయింది వదినా, నా కళ్ళ ముందే పోయింది. అప్పుడు ఆ పెద్దాయన "ఇంట్లో అందరూ సహకరించారామ్మా?" అని అడిగాడు. నా నోట్లోంచి "లేదండీ" అని వచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు. ఎవరు అడ్డుపడ్డారు అన్నాడు. మా వదిన అన్నాను. ఇక ఆగలేదు. నీ ఉత్తరంలో మాటలే, ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. ఆయన కళ్ళజోడు తీశాడు. అంతే.

నువ్వే చెప్పమన్నావుగా అని రాద్దామనుకున్నా. రాశా కూడా. కొట్టేశా. అది నవ్వులాట అని నాకు తెలుసు. తెలిసే చెప్పా.

కొవ్వొత్తుల అమ్మాయి వాళ్ళ నాన్న ఇంటికే తిరిగి వెళ్ళిపోయింది. ఆ ఇంటికే. ఆమె చెప్పింది నిజం. నాది ఇంకా బాగుందట.

ఒక్కసారి చెప్పేస్తే అయిపోతుందనుకున్నా. అవ్వలేదు. ఎవరొచ్చినా అదే చెప్పమంటారు. చెప్పి చెప్పి ఇప్పుడు నాకు ఆ ట్రంకు పెట్టెలు కనపడుతున్నాయి వదినా, పచ్చ రంగువి. మనింట్లో పచ్చ ట్రంకు పెట్టె ఎప్పుడన్నా ఉందా?

ఇప్పుడు అసలు సంగతి. కోపంలో చింపేయకుండా చివరిదాకా చదువు. మేడమ్ రెండో సినిమా తీస్తానంటోంది. అడ్డుపడ్డ వదిన మనసు మారి, ఆడపడుచు కొట్టులోనే పనికి చేరడం. నీకు వయసు నిబంధన అడ్డురాదు, మారిన కుటుంబ సభ్యులు అని వేరే దారి ఉందట. ఈ అమ్మాయిని వేరే చోటికి పంపిస్తారు, రెండో కుర్చీ నీకు ఇస్తారు. ఎడమ పక్క వెలుగు వచ్చేలా నేనే తిప్పి వేస్తా. నువ్వు చెప్పాల్సింది నాలుగే మాటలు. "నేను తెలియక ఆడపిల్లకి అడ్డుపడ్డాను. మెషిన్ దాచాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఏ ఆడపిల్లనీ ఆపకండి." అంతే. ఒక్క పూట. తర్వాత ఎవరికి ఏం పట్టింది, మనం మనం కుట్టుకుంటాం. మనం అనుకున్నట్టే అవుతుంది కదా, కాస్త వంకర దారిలో.

మెషిన్ పంపమంటావేమో అని భయంగా ఉంది. దానికి వాళ్ళు రంగు వేసి సంస్థ బొమ్మ అంటించారు. వచ్చిన వాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు. ఇప్పుడు దాన్ని కదిలిస్తే నేనేం చెప్పను?

రా వదినా. నీ కాళ్ళు పట్టుకుంటా. ఇక్కడ నాకు మాట్లాడ్డానికి ఎవరూ లేరు. రోజంతా మాట్లాడుతూనే ఉంటా, అయినా ఎవరూ లేరు.

నీ గడుగ్గాయి

—

ఇంటి నుంచి,
అరుగు మీద

అమ్మాయ్,

ఆ నాలుగు మాటలూ అద్దం ముందు నిలబడి చదివాను.

నీకు అబద్ధం చెప్పను. ఆ కుర్చీ కోసం చదివాను. విప్పిన సామాను మళ్ళీ సర్దాను. ఖాళీ అరుగు మీద కూర్చుని కాళ్ళు ఆడించుకుంటూ ఎన్నాళ్ళు బతకను? నాలుగు మాటలేగా, ఒక్క పూటేగా అనుకున్నా. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి సగంలో ఆపేశా. మూడోసారి తడుముకోకుండా వచ్చేసింది, కళ్ళలో నీళ్ళతో సహా. అద్దంలో ఆవిడ నిజంగా దాచినట్టే ఉంది. అప్పుడు భయమేసింది నాకు.

వీధి నమ్మదు. మీ అన్నయ్య సగం నమ్మడు. నీకు పచ్చ పెట్టెలు కనపడుతున్నాయట. నేను నిన్ను ఆపలేదన్న సంగతి ఇప్పుడు ఈ లోకంలో పూర్తిగా తెలిసింది నా ఒక్కదానికే. అది కూడా నా నోటితో నేను కాదనేస్తే ఇక నాకేం మిగులుతుంది? కుర్చీ మిగులుతుంది. అక్కర్లేదు. నేను రాను.

మెషిన్ కూడా అడగను. అడిగి తెచ్చుకుంటే, చూశారా మళ్ళీ లాక్కుంది అంటారు. నాది నేను తెచ్చుకునే దారి కూడా లేకుండా చేశావు చూడు, దానికి నిన్నెప్పటికీ క్షమించను. కుట్టుకో. పట్టీలు మాత్రం ఊడనివ్వకు, అవి మోసేది పిల్లలు. మీ అన్నయ్య బదిలీ కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఆయన ఇప్పుడు నాతో రోజూ ఏదో ఒకటి మాట్లాడుతున్నాడు, తప్పు చేసినవాడిలా. వినబుద్ధి కావడం లేదు.

ఇంకో సంగతి జరిగింది. అది చెప్పి ఆపేస్తా.

పైపుల మేస్త్రి కూతురు మీ సంస్థకి పేరిచ్చింది. కొళాయిలు, పైపులు బాగుచేసే పని పెడుతుందట. పగలు ఇళ్ళల్లో ఆడవాళ్ళే ఉంటారు, ఆడపిల్ల అయితే భయం లేకుండా తలుపు తీస్తారు అంది. చక్కటి ఆలోచన. పోయిన వారం వాళ్ళమ్మ చూడకుండా దొడ్డిదారిన వచ్చింది నా దగ్గరికి. మొహం వేలాడేసుకుని "అత్తా, వాళ్ళు గోడ ఏది అంటున్నారు. మా నాన్న అడ్డుపడలేదు సరికదా తన పానాలు తుడిచి ఇచ్చాడు. అమ్మ కూడా సరేనంది. నేనేం చెప్పను?" అంది.

దాని చేతులు చూశా. అప్పుడే ఎక్కడో పైపు విప్పొచ్చినట్టుంది, గోళ్ళ నిండా మడ్డి. పని వచ్చిన చేతులు. కథ లేదని వెనక్కి పంపేస్తారు దీన్ని.

"నన్ను పెట్టుకో" అన్నా.

అదేంటత్తా అని నోరెళ్ళబెట్టింది. "మా వీధిలో ఒకావిడ ఉంది, ఆడపిల్ల పానా పట్టుకుంటే వీధి పరువు పోతుందని మా ఇంటి మీదకొచ్చింది, నా సామాన్లు దాచేసింది అని చెప్పు. ఎవరావిడ అంటే, సినిమాలో బ్యాగుల అమ్మాయి వదిన అని చెప్పు. వెంటనే నమ్ముతారు" అన్నా. చెప్పనంది. ఏడ్చింది. నేనే కూర్చోబెట్టి నేర్పించా. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అంతా. నా పేరు చెప్పేటప్పుడు కళ్ళు దించుతుంటే దించకు, అనుమానమొస్తుంది అని కసిరా.

సెలెక్టయింది. ఈ పొద్దున్నే సంస్థ వ్యానులో ఎక్కింది. వీధంతా వచ్చింది సాగనంపడానికి, నేను నా గుమ్మంలోనే నిలబడ్డా. వ్యానెక్కబోతూ అది నన్ను చూసి ఉన్నట్టుండి నా వైపు పరిగెత్తుకొచ్చింది, వాటేసుకుందామని. చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాను. వ్యానులో మీ మేడమ్ కూర్చుని చూస్తోంది, పిల్ల కథ చెడిపోతుంది.

వదిన